“ఇంకెంత సేపు?”: ఖర్చు కోతల్లో సిబ్బంది నమ్మకం ఎక్కడ పోతుంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. మీకు విమానాల లైన్ మెయింటెనెన్స్‌లో, అంటే ప్రయాణాల మధ్యలో విమానాన్ని చూసి బాగుచేసే పనిలో, మూడేళ్ల అనుభవం. రాత్రి షిఫ్టులో ఆరుగురు ఉండాల్సిన చోట ఇప్పుడు నలుగురే. స్టోర్స్‌లో స్పేర్లు తగ్గించారు, దాంతో ఒక విమానంలో పార్టు విప్పి ఇంకో విమానానికి వెయ్యడం రోజువారీ పనైపోయింది. ఇంతలో పైవాళ్లు అందరినీ కూర్చోబెట్టి “భద్రత విషయంలో రాజీ లేదు” అన్నారు. వెనక వరసలో ఉన్న సీనియర్లు నవ్వారు. వాళ్లది ఉత్త కడుపుమంటా, నిజంగానే భయపడాలా, నేనేం చెయ్యాలి, మానేసి వేరే సంస్థకు వెళ్లనా అని మీరు అడుగుతున్నారు.

ఈ రంగంలో నేను 26 ఏళ్లు ఉన్నాను. మొదటి 19 ఏళ్లు హ్యాంగర్లో, విమానాలు నిలిపే ర్యాంపు మీద, విమానం ఎగరొచ్చని సంతకం పెట్టే ఇంజనీరుగా. తర్వాతి 7 ఏళ్లు సేఫ్టీ విభాగంలో, కుర్చీలో. ఫిర్యాదులు రాసిన చెయ్యీ, అందుకున్న చెయ్యీ రెండూ నావే కాబట్టి ఎవరి తరఫునా పూర్తిగా వాదించలేను.

మొదట సీనియర్ల నవ్వు గురించి. ఖర్చు తగ్గించినందుకు ఎవరూ మేనేజ్‌మెంట్‌ను నమ్మడం మానెయ్యరు. 1980ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సలాడ్‌లో ఒక్క ఆలివ్ కాయ తీసేసి ఏడాదికి 40,000 డాలర్లు మిగుల్చుకుందని ఈ రంగంలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. దిగాక ఒక ఇంజను ఆపేసి రెండో ఇంజనుతోనే పార్కింగ్ దాకా రావడం, కిలోలకొద్దీ కాగితం మాన్యువల్స్ తీసేసి ట్యాబ్లెట్లు ఇవ్వడం కూడా ఖర్చు కోతలే. వీటి మీద ఎవరూ కోపం పెట్టుకోలేదు. తీసేసింది ఏమిటో, దానివల్ల ఏమవుతుందో అందరికీ కనిపిస్తుంది. గొడవంతా కంటికి కనిపించని వెసులుబాటును కోసినప్పుడే వస్తుంది. అరలో ఏడాదిగా కదలకుండా పడి ఉన్న బోల్టుల పెట్టె లెక్కల్లో నిద్రపోతున్న డబ్బు. రాత్రి మూడింటికి పని చేసేవాడికి మాత్రం అది తప్పు చెయ్యకుండా ఉండే అవకాశం.

మాటవరసకు చెప్పడం లేదు. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం గాల్లో ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. క్యాబిన్ సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, కెప్టెన్ బతికాడు. అంతకు 27 గంటల ముందు ఆ అద్దం మార్చింది షిఫ్ట్ మేనేజరే. మనుషులు చాలక తనే పనిలోకి దిగాడు. తను వెతుకుతున్న రకం బోల్టులు స్టోర్స్‌లో నాలుగైదుకు మించి లేవు. అంచేత వేరే చోట, ఎవరూ కాపలా లేని, వెలుతురు చాలని స్టోరుకు వెళ్లి, పాత బోల్టును పక్కన పెట్టి కంటితో చూసి పోల్చుకున్నాడు. 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. మనిషి తక్కువ, స్పేరు తక్కువ, వేళ తెల్లవారుజాము. మీ ప్రశ్నలో ఉన్నవే మూడూ. ఆయన చెడ్డ ఇంజనీరు కాడు. పని ఆగకూడదని తాపత్రయపడే మనిషి, మనలో చాలామందిలాగే.

ఇక “పైవాళ్లకు తెలిసే చేస్తారు” అనే మాట. కుర్చీలోకి వెళ్లకముందు నేనూ అదే అనేవాణ్ని. వెళ్లాక కనిపించింది వేరు. స్టోర్స్ నిల్వ తగ్గించిన మనిషికి షిఫ్టులో మనుషుల్ని తగ్గిస్తున్నారని తెలియదు. షిఫ్టు తగ్గించిన మనిషి “పార్టులు ఎప్పుడూ చేతికందుతాయి” అన్న పాత లెక్కతో చేశాడు. విమానం దిగి మళ్లీ ఎగిరే మధ్య సమయాన్ని ఐదు నిమిషాలు కోసిన మూడో మనిషి ఈ రెండూ చూడలేదు. ఎవరి కాగితం వాళ్లకు సరిగ్గానే ఉంది, ఎవరి కోతకు వాళ్ల దగ్గర సమర్థన ఉంది. మూడింటినీ కూడి చూసే బల్ల మాత్రం ఎక్కడా లేదు. ఆ కూడిక జరిగేది రాత్రి షిఫ్టులో, మీ నెత్తిమీద.

అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 దీనికి నిలువెత్తు సాక్ష్యం. 2000 జనవరి 31న ఆ ఎండీ-83 విమానం కాలిఫోర్నియా తీరానికి దగ్గర్లో పసిఫిక్‌లో పడింది, 88 మంది పోయారు. తోకలోని స్టెబిలైజర్‌ను కదిలించే పెద్ద మర, జాక్‌స్క్రూ, గ్రీజు లేక దాని నట్టులోని మరచుట్లు అరిగి తెగిపోయాయి. ఆ గ్రీజు పెట్టే గడువు 1985లో 700 గంటలకోసారి ఉండేది. కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోయి 1996 నాటికి ఎనిమిది నెలలకోసారి చేశారు, అంటే ఎగిరే గంటల్లో సుమారు 2,550. అరుగుదల కొలిచే గడువునూ అలాగే పొడిగించారు. ఏ ఒక్క పొడిగింపూ దొంగచాటుగా జరగలేదు, నియంత్రణ సంస్థకు తెలిసే జరిగింది. ఒక్కో మెట్టు చూస్తే చిన్నదే.

ఆ కథలో నన్ను ఎక్కువగా తొలిచేది ఇంకోటి. 1997 సెప్టెంబరులో అదే విమానంలో అదే మర అరుగుదల కొలిస్తే సరిగ్గా హద్దు మీద, 0.040 అంగుళం వచ్చింది. కొలిచిన షిఫ్టులోని మెకానిక్ మార్చమని రాశాడు. తర్వాత మళ్లీ కొలిచారు, 0.033 వచ్చింది, విమానం ఎగిరింది. రెండో కొలత అబద్ధమని నేననను, ఆ కొలిచే పద్ధతే అంత నమ్మదగింది కాదని తర్వాత తేలింది. నేను చెప్పేది మళ్లీ ఎప్పుడు కొలుస్తామన్నది. ‘బాలేదు’ అని తేలితే ఇంకోసారి కొలుస్తాం, ‘బాగుంది’ అని తేలితే ఎవరం మళ్లీ కొలవం. ప్రమాదం జరిగిన కొద్ది వారాలకు సియాటిల్‌లో ఆ సంస్థ మెకానిక్కులు 64 మంది, సరిగా లేని విమానాలను విడుదల చెయ్యమని తమ మీద ఒత్తిడి ఉందంటూ సంతకాలు చేసి యాజమాన్యానికి లేఖ ఇచ్చారు. ఆ 64 మందికీ ఆ సంగతి అంతకుముందు తెలియదా? తెలుసు. విడివిడిగా తెలుసు.



ఒత్తిడి ఎలా వస్తుందో మీకు చెప్పనక్కర్లేదు, అయినా కొత్తవాళ్లు చదువుతారని రాస్తున్నాను. “ఈ లోపం వదిలెయ్, సంతకం పెట్టు” అని నా 19 ఏళ్లలో నాతో ఎవరూ అనలేదు. ఒక్కసారి కూడా. వచ్చేది ఫోను. “ఇంకెంత సేపు?” పది నిమిషాలకు మళ్లీ అదే. తర్వాత ఇంకాస్త పెద్ద హోదా నుంచి అదే ప్రశ్న, ఇంకా మర్యాదగా. ఏమైంది అని అడిగేవాళ్లుండరు, ఎంత సేపు అనే అడుగుతారు. ఒకసారి హైడ్రాలిక్ పంపు దగ్గర చెమ్మ కనిపించింది. లీకు ఎంతుందో లెక్కపెట్టి హద్దులో ఉందో లేదో తేల్చాలి, దానికి ఇంజను నడిపి చూడాలి, ఓ అరగంట పని. ఆ అరగంటలో నాలుగు ఫోన్లు వచ్చాయి. హద్దు దాటింది, విమానం ఆపాను. మర్నాడు ఎవరూ నన్ను తిట్టలేదు. కానీ వారం తిరక్కముందే ఆలస్యాల పట్టికలో ఆ విమానం పక్కన కారణం గడిలో ‘మెయింటెనెన్స్’ అని పడింది. మీటింగులో ఆ పట్టిక తెర మీద వేశారు. నా పేరు చదవలేదు, చదవక్కర్లేదు కూడా. అక్కడున్న కుర్రాళ్లందరికీ పాఠం అందింది. ఆ పట్టిక తయారుచేసినతను నాకు తర్వాత మంచి స్నేహితుడయ్యాడు. అది ఎవరికైనా భయం పుట్టిస్తుందని తనకు తట్టనే లేదన్నాడు. నేను నమ్మాను.

నమ్మకం అసలు ఎక్కడ పోతుందో ఇప్పుడు చెబుతాను. కోత దగ్గర పోదు. కనిపించిన లోపం గురించి మీరు రాసిన రిపోర్టుకు జవాబు రాని చోట పోతుంది.

నేను సేఫ్టీ కుర్చీలో కూర్చున్న మొదటి నెలలో పాత రిపోర్టులన్నీ తిరగేశాను. చెత్తబుట్టలో పడేసి ఉంటారనుకున్నాను. లేదు. చాలావాటి మీద నిజంగానే పని జరిగింది. ఒక నిచ్చెన మార్చారు, ఒక పని కార్డు తిరగరాశారు, ఒక ట్రాక్టరును పక్కన పెట్టేశారు. రాసినవాడికి మాత్రం ఒక్క ముక్క తిరిగి వెళ్లలేదు. ట్రాక్టరు పోయిందని అతనికి తెలుసు, తన కాగితం వల్ల పోయిందని తెలియదు. అతని లెక్కలో అది చెవిటివాడి ముందు ఊదిన శంఖమే. రెండుసార్లు ఊదినవాడు మూడోసారి ఊదడు. అలా రిపోర్టులు తగ్గుతాయి, తగ్గిన గ్రాఫు చూసి పైన మెచ్చుకుంటారు. ఈ ఒక్క విషయంలో నాకు మేనేజ్‌మెంట్ మీద ఇప్పటికీ కోపమే. రిపోర్టుల సంఖ్య తగ్గించడం లక్ష్యంగా పెట్టుకున్న సంస్థను నేను చూశాను. జ్వరం తగ్గాలని థర్మామీటరు దాచేసినట్టుంటుంది అది.

రిపోర్టు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే 1974 డిసెంబరు 1 గుర్తు చేసుకోవాలి. వాషింగ్టన్ డల్లెస్‌కు దిగుతూ టీడబ్ల్యూఏ 514 కొండను ఢీకొంది, 92 మంది చనిపోయారు. ఆరు వారాల ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి అదే చోట, అదే పొరపాటు చేసి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. యునైటెడ్ తన పైలట్లకు చెప్పుకుంది. పక్క సంస్థకు చెప్పే దారే లేదు. ఆ తర్వాతే, 1976లో, నాసా చేతుల మీదుగా గోప్యంగా రిపోర్టు చేసే వ్యవస్థ అమెరికాలో మొదలైంది. పది రోజుల్లోపు రాసినవాడికి, కావాలని చేసిన తప్పు కాకపోతే, శిక్ష నుంచి కొంత రక్షణ ఇచ్చారు. నియంత్రణ సంస్థ చేతికి కాకుండా మూడో చేతికి ఇవ్వడంలోనే కిటుకంతా ఉంది. శిక్షించేవాడి చేతికి ఎవడూ తన తప్పు రాసివ్వడు.

1979లో షికాగోలో 273 మందిని బలిగొన్న డీసీ-10 ప్రమాదమూ ఈ వరసలోదే. ఇంజనునూ దాన్ని రెక్కకు తగిలించే పైలాన్‌నూ విడివిడిగా దించాలని తయారీదారు పద్ధతి. రెండూ కలిపి ఫోర్క్‌లిఫ్టుతో దించితే విమానానికి సుమారు 200 పనిగంటలు మిగులుతాయి, అందుకని అలా చేశారు. ఆ ఎత్తడం దించడంలో పైలాన్ చిట్లింది, టేకాఫ్‌లో ఇంజను ఊడింది. అలాంటి పద్ధతే వాడిన కాంటినెంటల్ సంస్థలో అంతకుముందే రెండు విమానాల్లో అదే చోట దెబ్బ కనిపించింది. మరమ్మతులో తగిలిన దెబ్బే కదా అని బాగుచేసుకుని ఊరుకున్నారు. మిగతావాళ్లకు ఆ కబురు చేరలేదు.

మన వైపు తప్పులూ చెప్పాలి, లేకపోతే ఇది సంఘం కరపత్రం అయిపోతుంది. జీతాల గొడవకు భద్రత అనే ముసుగు వెయ్యడం మనవాళ్లకూ అలవాటే. ఓవర్‌టైమ్ చర్చలు జరుగుతున్న నెలలో రిపోర్టులు మూడింతలై, ఒప్పందం కుదిరాక మాయమవడం నేను కుర్చీలోంచి చూశాను. అదే వారం వచ్చిన నిజమైన రిపోర్టు ఒకటి ఆ గుట్టలో నలిగి రెండు నెలలు ఆలస్యమైంది. ‘నాన్నా పులి’ కథ చివరికి ఏమైందో చిన్నప్పుడే చదువుకున్నాం.

ఎంత ఇంధనం వేసుకోవాలని పైలట్లకూ కంపెనీకీ జరిగే తగాదాలోనూ రెండు వైపులా నిజం ఉంది. జెట్ విమానం దిగేసరికి కనీసం ముప్పై నిమిషాలకు సరిపడా ఇంధనం మిగలాలి, అది అంతర్జాతీయ నియమం. దాని మీద ఎంత అదనంగా వేసుకోవాలన్నది కెప్టెన్ విచక్షణ. అదనపు బరువు మోయడానికే మళ్లీ ఇంధనం కాలుతుంది కాబట్టి ఎందుకు వేసుకున్నారని కంపెనీ అడగడం అన్యాయం కాదు. అడిగే తీరులోనే ఉంది చిక్కంతా. కారణం అడిగి ఊరుకుంటే అది సంభాషణ. పేర్లతో పట్టిక గోడకు అంటిస్తే బెదిరింపు. 2008లో యూఎస్ ఎయిర్‌వేస్ ఎనిమిది మంది కెప్టెన్లను ఈ విషయం మీద శిక్షణకు రమ్మంటే, వాళ్ల సంఘం ఏకంగా పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేసింది. ఇంటి గొడవ వీధికెక్కిందంటే, లోపల మాట్లాడుకునే దారి అప్పటికే మూసుకుపోయిందన్నమాట.

మౌనం ఎంత దూరం తీసుకెళ్తుందో కెనడాలోని డ్రైడెన్‌లో తేలింది. 1989 మార్చి 10, ఎయిర్ ఒంటారియో 1363. ఆ ఫోకర్ విమానంలో ఏపీయూ, అంటే పెద్ద ఇంజన్లను స్టార్ట్ చెయ్యడానికి వాడే చిన్న ఇంజను, పనిచెయ్యడం లేదు, దాని మరమ్మతు వాయిదాలో ఉంది. డ్రైడెన్‌లో బయటి నుంచి ఇంజను స్టార్ట్ చేసే పరికరం లేదు. కాబట్టి ఇంజను ఆపితే మళ్లీ లేవదు. ఇంజను తిరుగుతుండగా రెక్కల మీద మంచు తీసే మందు కొట్టకూడదు. మంచు కురుస్తోంది, ఆలస్యమవుతోంది. మంచు తీయకుండానే లేచారు, 69 మందిలో 24 మంది పోయారు. రెక్క మీద మంచును క్యాబిన్ సిబ్బంది చూశారు, ప్రయాణికులుగా కూర్చున్న వేరే పైలట్లూ చూశారు. కాక్‌పిట్‌కు ఎవరూ చెప్పలేదు. జస్టిస్ మొషాన్‌స్కీ విచారణ పైలట్ తప్పు దగ్గరే ఆగకుండా, ఆ సంస్థ ఆ విమానాలను ఎలా నడిపిందన్న దాకా, నియంత్రణ సంస్థ దాకా వెళ్లింది. ‘ఒక్క ఏపీయూ వాయిదాయే కదా’ అని మీ షిఫ్టులో ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

ఇప్పుడు మీరేం చెయ్యాలంటే, ముందు పార్టులు పీకే పని. రాబరీ అని మనం అనుకునేది తప్పు కాదు, కాగితం లేని రాబరీ తప్పు. విప్పిన చోట ఒక నమోదు, వేసిన చోట ఒక నమోదు, రెండు వైపులా సీరియల్ నంబరు. నలుగురే ఉన్న రాత్రి ఒక పనికి రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించాలి, అంటే తప్పు జరిగే అవకాశాలు రెండింతలు. నెలలో ఎన్ని రాబరీలు జరిగాయో లెక్కకట్టి రిపోర్టులో ఆ అంకె రాయండి. “స్పేర్లు చాలడం లేదు” అంటే అభిప్రాయం, ఎవరైనా తోసిపుచ్చగలరు. తేదీలతో అంకె రాస్తే తోసిపుచ్చడానికి మీ పై అధికారి తన పేరు పెట్టాలి.

ఎంఈఎల్ (ఏ లోపాలతో కొంతకాలం ఎగరొచ్చో చెప్పే జాబితా) వాయిదాల మీద కన్నేసి ఉంచండి. సీ తరగతి లోపానికి పది రోజులు గడువు. పదో రోజు రాత్రి ‘పరీక్షించాం, బాగుంది’ అని మూసేసి, పదకొండో రోజు పొద్దున అదే లోపాన్ని కొత్త నంబరుతో తెరవడం కనిపిస్తే, ఆ రెండు పేజీలూ చాలు, ఇంకో మాట అక్కర్లేదు. నేను ఆడిట్‌కు వెళ్లినప్పుడు అన్నిటికంటే ముందు వెతికేది అదే.

అలసట గురించీ రాయండి, సిగ్గుపడకండి. 17 గంటలు మెలకువగా ఉన్నవాడి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి డ్యూటీ గంటల హద్దులు గట్టిగా ఉంటాయి. మెయింటెనెన్స్ వాళ్లకు చాలాచోట్ల అంత గట్టిగా ఉండవు, కాబట్టి మన అలసట మనం రాస్తేనే కాగితం మీదికి వస్తుంది.

రిపోర్టులో విశేషణాలు వద్దు, ఎవరి బుద్ధినీ విశ్లేషించవద్దు. ఏ విమానం, ఏ టైము, ఏం చూశారు, ఏ మాన్యువల్ పేజీ ఏమంటోంది, అంతే. పంపిన తేదీ, రిపోర్టు నంబరు మీ దగ్గర రాసుకోండి. జవాబు రాకపోతే మూడు వారాలకు అదే నంబరుతో మర్యాదగా అడగండి. అప్పుడూ రాకపోతే నియంత్రణ సంస్థకు నేరుగా లేదా గోప్యంగా రాసే దారి మీకు ఏముందో కనుక్కోండి. మీ పేరుకు రక్షణ ఎంతవరకో ముందే చదువుకోండి. కంపెనీ కాగితాలు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. లోపం మీద జరగాల్సిన విచారణ మీ మీదికి తిరుగుతుంది.

సంతకం మాత్రం మీది. మీ లైసెన్సు మీద విడుదల చెయ్యమని ఆజ్ఞాపించే అధికారం ఏ మేనేజరుకూ లేదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు, అందుకే ఆజ్ఞాపించరు, ఫోను చేస్తారు. ఫోను వస్తే నేను చేసింది చెబుతాను: “ఇంకెంత సేపు” అన్నప్పుడు టైము చెప్పడం మానేసి లోపం చెప్పేవాణ్ని. “పంపు దగ్గర లీకు కొలుస్తున్నాను, హద్దు తేలాక నేనే ఫోను చేస్తాను” అని. రెండుసార్లు అలా చెబితే మూడో ఫోను రావడం తగ్గింది. అప్పుడప్పుడూ “ఎంత లీకుంది?” అని అడిగినవాళ్లూ ఉన్నారు.

చివర్లో మానేసి వేరే సంస్థకు వెళ్లనా అన్నారు. వెళ్లేముందు మీ దగ్గర ఒకటి గమనించండి. ఈ మధ్య ఎవరైనా విమానం ఆపి ఉంటారు, ఎక్కడైనా ఆపుతారు. ఆ మనిషికి తర్వాతి నెల రోస్టరులో ఏమైంది, ఇన్‌చార్జి పోస్టు వచ్చిందా, మెల్లగా పక్కకు తప్పించారా? కొత్త సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లినా జీతం మాట్లాడాక ఇదే ప్రశ్న వెయ్యండి: మీ దగ్గర చివరిసారి విమానం ఆపిన ఇంజనీరు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నాడు? నేను రెండు చోట్ల అడిగాను. ఒక చోట నవ్వి మాట మార్చారు. ఇంకో చోట పక్క గదిలోంచి అతన్నే పిలిచారు. నేను చేరింది అక్కడే.